తెర యెదుటివారి మాట: సాఫ్ట్‌వేరు చేర్చు సాధనముల చరిత్ర

యంత్రముల చరిత్రను వ్రాయువారు తఱచుగా వానిని నిర్మించినవారి చరిత్రను మాత్రమే వ్రాయుదురు. యంత్రమును కనిపెట్టినవాని పేరు నిలుచును. 'ఇది నా చేతికి అందుట లేదు' అని చెప్పి దానిని సరిచేయించిన పనివాని పేరు నిలువదు. కంప్యూటరులో క్రొత్త సాఫ్ట్‌వేరును చేర్చుకొనుటకు ఏర్పడిన బొమ్మల తెరల విషయమునను ఇట్లే జరిగినది. అయినను ఇచట మనకొక సౌకర్యము కలదు. లినక్సు వ్యవస్థలను నిర్మించినవారు తమ వాదోపవాదములను బహిరంగముగా జరిపిరి. వాడినవారి ఫిర్యాదులలో పెక్కు నేటికిని చదువుటకు లభించుచున్నవి. కావున ఈ చరిత్రను వాడినవారి వైపు నుండి చెప్పుటకు మేము యత్నించుచున్నాము.

ముందుగా ప్యాకేజి యననేమో చెప్పవలెను. లినక్సులో సాఫ్ట్‌వేరు పొట్లములుగా కట్టబడి వచ్చును. ప్రతి పొట్లముపైని దాని పేరు, సంచిక సంఖ్య, దానితోపాటు మఱి యే పొట్లములు కావలెనో ఆ జాబితా వ్రాయబడి యుండును. ఆవకాయ పెట్టవలెనన్న మామిడికాయలు మాత్రమే చాలవు గదా! ఆవపిండి, నూనె, కారము, ఉప్పు అన్నియు సమకూడవలెను. ఏ యొక్కటి కొఱవడినను జాడీ చెడును. సాఫ్ట్‌వేరు సంగతియు నంతే. 1993లో పాట్రిక్ వోల్కర్డింగ్ వెలువరించిన స్లాక్‌వేరులో ఈ కూర్పు బాధ్యత యంతయు వాడువానిదే. అదే సంవత్సరము ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియను, ఆ బాధ్యతను యంత్రమునకు అప్పగింప సంకల్పించెను.

సంకల్పము గొప్పదే. కాని దానికి తొలి ముఖద్వారమైన డిసెలెక్టు అను సాధనము పెక్కుమందిని గుమ్మము వద్దనే నిలిపివేసెను. అది అక్షరములతో నిండిన తెర. కూడిక గుర్తు నొక్కిన ప్యాకేజి యెన్నుకొనబడును. తీసివేత గుర్తు నొక్కిన తొలగును. క్రిందిగీత నొక్కిన తన అమరికలతో సహా మాయమగును. సమానపు గుర్తు నొక్కిన ఉన్నది ఉన్నట్లే నిలిచిపోవును. ఒకదానిని కోరినంతనే దానికి కావలసినవియు, దానితో పొసగనివియు వేఱొక జాబితాగా కన్నులయెదుట తెరచుకొనును. క్రొత్తవాడు తాను ఏ తప్పు చేసెనో తెలియక దిగ్భ్రమ చెందును. తెర తెరవగనే సహాయపుటము కనబడుచుండెను గనుక, దానిని చదివినవానికి కష్టమే లేదని సమర్థించినవారు కలరు. ఈ సమాధానము మాకు సమ్మతము కాదు. అంగడిలో ఉప్పు కొనుటకు వచ్చినవానిచేత ముందుగా గిడ్డంగి నిబంధనలు చదివించుట న్యాయమా?

పైగా గిడ్డంగి పెరుగుచుండెను. 1996 జూనులో వెలువడిన డెబియను 1.1లో 474 ప్యాకేజీలుండెను. 2000 ఆగస్టు నాటి 2.2లో వాని సంఖ్య 3,900 దాటెను. ఇన్నింటిని వరుసగా చదివి యెన్నుకొనుట మానవమాత్రునకు సాధ్యము కాదు. డిసెలెక్టునకు బదులుగా మఱియొక సాధనమును నిర్మింప 'డెయిటీ' యను పేర ఒక ప్రయత్నము మొదలయ్యెను. 1998లో ఆప్టు అను పేరుతో వెలుగుచూచిన దాని తొలి ఫలము బొమ్మల తెర కాదు, కావలసిన పొట్లములను తానే వెదకి తెచ్చు యంత్రాంగము. దానిని నడపుటకు ఆజ్ఞావాక్యములు. నిపుణులు ఆ వాక్యములతోనే తృప్తిచెందిరి. సామాన్యుడు మఱికొంతకాలము గుమ్మముననే వేచియుండెను.

అతనికి తలుపు తెరచినది బ్రెజిలు దేశము. అచటి కొనెక్టివా యను సంస్థ కోరికపై ఆల్ఫ్రెడో కోజిమా 2001 ప్రాంతమున సినాప్టిక్ అను సాధనమును రచించెను. తరువాత మైఖేల్ ఫోగ్ట్ దానిని పెంపొందించెను. ఇందులో వెదకుటకు చోటు కలదు, విభాగములు కలవు, ప్రతి పేరు ప్రక్కను ఒక చిన్న గడి కలదు. గడిని గుర్తించినంతనే 'దీనితోపాటు ఇవియు చేరవలెను, సమ్మతమా?' అని మర్యాదగా అడుగును. సమ్మతించి, చివరకు అమలుచేయు మీట నొక్కువఱకు ఏమియు మారదు. ఈ నిదానము మాకు మిక్కిలి నచ్చినది. కాని సామాన్యుల యాక్షేపణ వేఱు. పాటలు వినుటకు ఒక సాధనము కావలెనని వెదకినచో, సంగీతముతో నేదో సంబంధముగల గ్రంథాలయపు పొట్లములు, వివరణ పొట్లములు, నిర్మాతలకు మాత్రమే పనికివచ్చు పొట్లములు పదులకొలది వచ్చి పడును. అది అంగడి ముంగిలి కాదు, గిడ్డంగి ఖాతాపుస్తకము.

2004 అక్టోబరులో మొదలైన ఉబుంటు ఈ యాక్షేపణను చెవినబెట్టెను. ప్యాకేజీలను గాక, పనికివచ్చు సాఫ్ట్‌వేరును మాత్రమే చూపు చిన్న సాధనమొకటి అందు చేరినది. ప్రతి పేరునకు ఎదుట నక్షత్రములుండెను. ఆ నక్షత్రములు ఎవరో విమర్శకులు వేసినవి కావు. తమ యంత్రమున ఏయే ప్యాకేజీలు వాడుకలో నున్నవో తెలుపుటకు స్వయముగా సమ్మతించినవారి యంత్రములు పంపిన లెక్కల నుండి వచ్చినవి. నోరు విప్పనివాని యభిప్రాయము కూడ ఈ విధముగా లెక్కకు వచ్చెను. 2009 అక్టోబరులో దాని స్థానమున సాఫ్ట్‌వేర్ సెంటర్ వెలసినది. నిర్మాణకాలమున దానికి స్టోర్ అని పేరు, వెలువడునాటికి మారినది. ఉచితముగా నిచ్చుచోటికి దుకాణమని పేరు పెట్టుట తగదని మాకును తోచుచున్నది. 2011 ఏప్రిలు సంచికలో వాడినవారే గుణదోషములు వ్రాయుటకు తావు కల్పింపబడినది. సాంకేతికములైన పొట్లములను మఱుగుపఱచి, 'మఱి యిన్ని కలవు, చూపుమందురా?' అని అడుగుట ఆ తెరయందలి మేలిమి. ఇరుపక్షముల మాటను విన్నవాడే ఇట్టి రాజీని కుదుర్పగలడు. ఆ మేలిమి చిరకాలము నిలువలేదు. అది మెల్లగా తెరచుకొనునని నిష్ఠురములు వచ్చినవి. 2016 ఏప్రిలులో దాని స్థానము నాక్రమించిన గ్నోమ్ సాఫ్ట్‌వేరు, ఆజ్ఞావాక్యములతో నడచువానిని చూపుటయే మానివేసెను. అవి కావలసినవారు మరల సినాప్టిక్ చెంతకే పోవలసివచ్చెను.

వాడినవారి మాట ఎంత బలమైనదో తెలుపుటకు ఫెడోరా వృత్తాంతము చాలును. 2009 నవంబరులో వెలువడిన ఫెడోరా 12లో, యంత్రము ముందు కూర్చున్న ఏ వ్యక్తియైనను, ముద్రవేయబడిన ప్యాకేజీలను అధికారి సంకేతపదము లేకయే చేర్చుకొనవచ్చునని ఏర్పాటు చేసిరి. సౌకర్యమే వారి యుద్దేశము. కాని పదిమంది వాడు యంత్రములు గలవారు తీవ్రముగా నిరసించిరి. ఇంటి తాళపుచెవి అతిథులందఱకు పంచుట వంటిదిది. కొలది దినములలోనే నిర్మాతలు వెనుదీసి, సంకేతపదమును మరల కోరునట్లు మార్పు పంపిరి.

ఇంతవఱకు చెప్పినది సాఫ్ట్‌వేరు చేర్చు తెరల సంగతి. వ్యవస్థనే తొలిసారి యంత్రమున నెలకొల్పు తెర వీనికి అగ్రజుని వంటిది. మన భాష కథ అందే యున్నది. పాత అక్షరపు తెర ఒక్కొక్క అక్షరమును ఒక్కొక్క గడిలో నుంచును. వత్తులు, గుణింతములు గల మన లిపి ఆ గడులలో నిముడదు. కావున బొమ్మల తెర మనకు అలంకారము కాదు, ప్రాణావసరము. 2007 ఏప్రిలు నాటి డెబియను 4.0లో ఆ తెర వచ్చినంతనే తమిళము, హిందీ, మలయాళము మొదలగునవి అందు వెలసినవి. 2009లో మరాఠీ చేరినది. తెలుగు, కన్నడములు చేయి చేయి పట్టుకొన్నట్లు 2011 ఫిబ్రవరి నాటి 6.0లో ప్రవేశించినవి, అదియు బొమ్మల తెరయందు మాత్రమే. మదరాసునందు, షోలాపురమునందు, బళ్లారియందు స్థిరపడిన మన కుటుంబములు ఈ వరుసను గమనింపవలెను. ఇరుగుపొరుగు భాషయు ఇంటి భాషయు ఒకే జాబితాలో నున్నవి. ఒక్క యంత్రముననే తాతగారు తెలుగున, మనుమరాలు తన బడి భాషయందు తెరను చూడవచ్చును.

అయితే ఆ తెలుగు ఎట్టిది? సాఫ్ట్‌వేరును నెలకొల్పుటకు అనువాదములలో 'సంస్థాపన' యను మాట వాడబడినది. అది వినిన మన పెద్దలకు విద్యాలయమో ధర్మసత్రమో స్ఫురించును. మన యిండ్లలో 'వేయుట' యనియో 'ఎక్కించుట' యనియో అందుము. సరిహద్దులకు ఆవల నున్న మనకు పాఠశాల తెలుగు కంటె ఇంటి తెలుగే దగ్గఱ. 'సంస్థాపన' చదివి ఆగిపోయినవారు ఆ సంగతి వ్రాసి పంపిననే అనువాదకులకు తెలియును. ఆ యనువాద పత్రములు ఎవరైనను తెరచి చూడదగినవి. ప్రోగ్రాము వ్రాయు విద్య వానికి అక్కఱలేదు. పైన ఆంగ్లవాక్యము, క్రింద తెలుగు వాక్యము, అంతియే.