డేరా నుంచి ఏసీ హాలు దాకా: సినిమాశాలల్లో గాలి, వెలుగు, భద్రత

భవనాల చరిత్ర చదివేటప్పుడు మనం సాధారణంగా గోడలు, స్తంభాలు, గోపురాల దగ్గర ఆగిపోతాం. లోపలికి గాలి ఎలా వస్తుంది, నీరు పైకి ఎలా ఎక్కుతుంది, ప్రమాదం జరిగితే జనం ఎటు పోతారు అనే ప్రశ్నలకు చరిత్ర గ్రంథాల్లో చోటు తక్కువ. ఈ ఏర్పాట్లన్నిటినీ కలిపి ఇంజనీర్లు 'భవన సేవలు' అంటారు. ఇవి కొత్తవేమీ కావు. గోల్కొండలో మట్టి గొట్టాలతో, పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా నీటిని కోట పైభాగానికి చేర్చారు. అయితే ఈ విషయం అర్థం కావడానికి సుల్తానుల కోట కన్నా మీ ఊరి సినిమా హాలే మంచి ఉదాహరణ. ఒకరికొకరు తెలియని వందలమంది చీకట్లో, తలుపులు మూసిన గదిలో మూడు గంటలు కూర్చునే భవనం అంతకుముందు మన పట్టణాల్లో లేదు.

సినిమా పుట్టుకతోనే నిప్పును వెంట తెచ్చుకుంది. తొలినాటి ఫిల్మును సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవారు. అది అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉండటం వల్ల నీళ్ళలో ముంచినా మండుతుంది. 1897 మే 4న పారిస్‌లో ఒక ధర్మ సంతలో ప్రొజెక్టరు దీపానికి వాడిన ఈథర్ ఆవిరి అంటుకుని సుమారు 126 మంది మరణించారు. భారతదేశంలో 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. ఆ చట్టం అనగానే మీకు సెన్సారు గుర్తుకురావచ్చు. కాని ప్రదర్శన స్థలానికి లైసెన్సు, ప్రేక్షకుల రక్షణ అనేవి కూడా దాని ముఖ్యోద్దేశాలే. మన పాఠ్యపుస్తకాలు ఈ రెండో సగాన్ని తరచూ వదిలేస్తాయి.

తెలుగువారిలో రఘుపతి వెంకయ్య డేరాలతో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి, ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. బెజవాడలో 1921లో మారుతీ సినిమా వెలిసింది. చోడవరం వంటి తాలూకా కేంద్రాల స్థాయి ఊళ్ళకు సినిమాను ముందుగా తెచ్చినవి టూరింగ్ టాకీసులే. డేరా కానీ, తాటాకు పాక కానీ, దాని పక్కలు తెరిచి ఉండేవి. గాలికి లోటు లేదు, పొగ నిలవదు, జనం ఏ పక్కనుంచైనా బయటపడవచ్చు. ప్రమాదమంతా కప్పులోనే ఉండేది. అందుకే జాగ్రత్తలన్నీ ప్రొజెక్షన్ గది చుట్టూ తిరిగాయి. దాని గోడలు మంటకు తట్టుకోవాలి. కార్బన్ కడ్డీల మధ్య వెలిగే ఆర్క్ దీపం వదిలే పొగ, వేడి పోవడానికి గొట్టం ఉండాలి.

ఆంధ్ర రాష్ట్రంలో 1955లో సినిమాల క్రమబద్ధీకరణ చట్టం, 1970లో దాని కింద వివరమైన నియమాలు వచ్చాయి. మెట్ల వెడల్పు, కుర్చీల వరుసల మధ్య దారి, ద్వారాల సంఖ్య వంటివి ఇలాంటి నియమాల్లో కనిపిస్తాయి. ద్వారం బయటికే ఎందుకు తెరుచుకోవాలి? 1903 డిసెంబరు 30న చికాగోలోని ఇరోక్వా థియేటరులో 600 మందికి పైగా చనిపోయారు. అక్కడ కొన్ని తలుపులకు తాళాలున్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ లాగలేరు.

ఆ తర్వాత హాలు చల్లబడింది. విల్లిస్ క్యారియర్ 1902లో ఒక ముద్రణాలయం కోసం రూపొందించిన యంత్రం 1925లో న్యూయార్క్ రివోలీ థియేటరుకు చేరి, వేసవి ఆటలకు జనాన్ని రప్పించింది. దాని లెక్క మీరే వేసి చూడవచ్చు. కదలకుండా కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు. వెయ్యిమంది అంటే 100 కిలోవాట్లు. ఒక టన్ను శీతలీకరణ సుమారు 3.5 కిలోవాట్లు కాబట్టి, ఎండనూ దీపాలనూ పక్కన పెట్టి ప్రేక్షకుల వేడికే 28 టన్నులు కావాలి. ఇంత చల్లదనం బయటికి పోకూడదంటే కిటికీలు మూయాలి. గాలి డక్టుల గుండా తిరగాలి.

డేరాలో లేని ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాలో కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మరు అంటుకుంది. మంట బాల్కనీ దాకా రాలేదు. పొగ మాత్రం మెట్ల దారి గుండా, ఏసీ డక్టుల గుండా పైకి చేరింది. బాల్కనీలో అదనపు కుర్చీలు వేసి ఒక పక్క దారిని, ఒక చిన్న బాక్సు కట్టి ఆ పక్కనున్న ద్వారాన్ని మూసేశారు. 59 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడకే. నైట్రేట్ ఫిల్ము పోయి అప్పటికి దశాబ్దాలైంది. ప్రొజెక్షన్ గదిని కాపాడే పాత నియమం ఇక్కడ ఎవరికీ అక్కరకు రాలేదు. పొగ తగలగానే డక్టును మూసే డాంపరు, గాలి పంకాను ఆపే స్విచ్చు, పొగను బయటికి లాగే వేరే మార్గం అవసరమయ్యాయి. నా దృష్టిలో ఇక్కడ యంత్రాల లోపం ఎంతో, నాలుగు టికెట్ల కోసం దారిని అమ్ముకున్న లెక్క కూడా అంతే.

1970లో తొలిసారి వచ్చి 1983, 2005, 2016ల్లో సవరణలు పొందిన జాతీయ భవన నియమావళిలో అగ్ని భద్రతకు నాలుగో భాగం, భవన సేవలకు ఎనిమిదో భాగం ఉన్నాయి. సినిమా హాలు, కల్యాణమండపం రెండూ అందులో జనం గుమిగూడే భవనాల వర్గం కిందికే వస్తాయి. చిన్న పట్టణాల్లో ఎన్నో హాళ్ళు మూతపడి కల్యాణమండపాలయ్యాయి. కుర్చీలు తీసేసి, వేదికకు గుడ్డలూ థర్మకోలూ కట్టి, వంటశాలలో గ్యాసు బండలు పెడతారు. మీరు ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు పాత హాలు పక్క ద్వారాలు ఎన్ని తెరిచి ఉన్నాయో, ఎన్నిటి వెనక సామాను పేర్చారో లెక్కపెట్టి మీ అభ్యాసపత్రంలో రాయండి.