లెక్కా, గోడూ ఒకదాన్నొకటి నిలదీయాలి

మన వాడల మీద పరిశోధన అంటే ఇన్నాళ్ళూ రెండు రకాలు. కొందరు ఫారాలు పట్టుకొచ్చి తలలు లెక్కబెట్టుకుని పోతారు. ఇంకొందరు నలుగురితో మాట్లాడి గోడు రాసుకుని పోతారు. ఇప్పుడు రెండూ కలిపి చేస్తున్నామంటున్నారు. మంచిదే. కానీ పట్టికల పక్కన నాలుగు మాటలు అతికించినంత మాత్రాన పరిశోధన గట్టిదయిపోతుందా? జవాబు కోసం అమెరికా నల్లజాతి చరిత్రలోకి ఒకసారి పోవాలి.

1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌ను ఫిలడెల్ఫియా ఏడో వార్డు మీద పరిశోధనకు పిలిచింది. నగరం చెడిపోవడానికి నల్లవాళ్ళే కారణమని అక్కడి పెద్దమనుషులు ముందే తీర్పు చెప్పేసుకున్నారనీ, దానికి శాస్త్రం ముద్ర కావాల్సి వచ్చిందనీ డుబోయిస్ తర్వాత రాశారు. భార్యతో సహా ఆ వార్డులోనే కాపురం పెట్టారు. తనే ఇంటింటికీ తిరిగి సుమారు 2,500 కుటుంబాలను పలకరించారు. 9,675 మంది లెక్క తేలింది. 1899లో ‘ది ఫిలడెల్ఫియా నీగ్రో’ అచ్చయింది.

ఆ పుస్తకం బలం ఎక్కడుంది? నల్లవాళ్ళలో ఎక్కువమంది ఇంటి పనిలో, కూలి పనిలో ఉన్నారని లెక్క చెప్పింది. అక్కడితో ఆగితే ‘వాళ్ళకు పనితనం లేదు’ అని ఎవరైనా అనేస్తారు. డుబోయిస్ ఆగలేదు. పని నేర్చుకుని కూడా తిరస్కారం పొందినవాళ్ళ అనుభవాలు ఒక్కొక్కటే రాశారు. వాకిలి మూసింది తెల్ల యజమానులూ, తెల్ల కార్మికులూ అని బయటపడింది. ఇక్కడ గోడు లెక్కకు అలంకారం కాదు. లెక్కకు తప్పుడు అర్థం తీయకుండా అడ్డం నిలబడింది. ‘ఎవడో ఒకడి కథ’ అని గోడును కొట్టేయకుండా లెక్క కాపాడింది.

బలహీనతా ఉంది. వార్డు పటంలో ఇళ్ళను నాలుగు తరగతులు చేసి రంగులు వేశారు. అట్టడుగు తరగతి పేరు దుర్మార్గులు, నేరస్తులు! ఇది చదువుకున్న మధ్యతరగతి మనిషి తీర్పు. ఆ ఇళ్ళవాళ్ళ జవాబు పటంలో లేదు. అభిప్రాయానికి రంగు పూస్తే కొలతలాగా కనపడుతుంది. అయితే పరిశోధకుడి నమ్మకాలు తెలియకుండానే చొరబడతాయని పుస్తకం మొదట్లోనే ఆయన హెచ్చరించారు. తమను వింతజాతిలా పరీక్షించడం వార్డు జనానికి నచ్చలేదన్న సంగతి కూడా తర్వాత దాచకుండా రాశారు.

అదే 1899లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని తెల్లగుంపు చిత్రవధ చేసి కాల్చేసింది. ఇట్లా చంపుతుంటే నిమ్మళంగా శాస్త్రం చేసుకుంటూ కూర్చోలేనని డుబోయిస్‌కు అర్థమైంది. అయినా లెక్క వదల్లేదు. 1900లో పారిస్ ప్రదర్శనకు నల్లజాతి జీవితాన్ని పటాలుగా గీసి పంపారు. పక్షం ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు.

1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ డుబోయిస్‌కే ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు పెట్టుకున్న విజ్ఞాపన ప్రతులు అడిగారు. ఆ చుట్టరికంతోనే మనమూ అడగాలి: లెక్క మిగిల్చిన ప్రశ్నను గోడు దగ్గరికి తీసుకెళ్ళారా? రెండూ పొసగనిచోట దేన్ని దాచారు? తరగతుల పేర్లు ఎవరు పెట్టారు? వాడకు తిరిగొచ్చి చదివి వినిపించారా? ఈ ప్రశ్నలు పైవాళ్ళ పరిశోధనకే కాదు, మనం చేసేదానికీ వర్తిస్తాయి.