జ్యా పట్టిక నుంచి ఉక్కు మిల్లు దాకా



త్రికోణమితి సర్వసమీకరణాలను పరీక్షకు ముందు బట్టీపట్టడం, పరీక్ష కాగానే మరచిపోవడం మనలో చాలామందికి అలవాటు. "ఇవి ఎందుకు పనికొస్తాయి మాస్టారూ?" అని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబుగా ఈ పాఠంలో ఒకే ఒక్క సర్వసమీకరణం చరిత్ర చూద్దాం.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 24 కోణాలకు జ్యా విలువలు, అంటే నేటి సైన్ విలువలు, కట్టే పద్ధతి ఉంది. తరువాత వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో ఒక నియమం ఇచ్చాడు. నేటి భాషలో అది ఇలా ఉంటుంది:

సైన్²అ = (1 – కాస్ 2అ) / 2

ఒక కోణం విలువ తెలిస్తే దానిలో సగం కోణం విలువ దీనితో దొరుకుతుంది. 30 డిగ్రీల నుంచి 15కు, 15 నుంచి ఏడున్నరకు, అక్కడి నుంచి మూడుముప్పావుకు దిగవచ్చు. గ్రహాల స్థానాలు లెక్కించేవారికి కావలసింది అదే.

ఇప్పుడు భౌతికశాస్త్రంలోకి వద్దాం. ఏకాంతర విద్యుత్తులో వోల్టేజి, ప్రవాహం రెండూ సైన్ తరంగాలే. నిరోధంలో వాటి లబ్ధం, అంటే సామర్థ్యం, సైన్²తో మారుతుంది. పై సూత్రం వాడితే అది రెండు ముక్కలవుతుంది. ఒకటి స్థిరమైన సగం. రెండవది రెట్టింపు వేగంతో ఊగే భాగం. మన ఇళ్ళకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటులో సామర్థ్యం సెకనుకు 100 సార్లు సున్నాకు పడి లేస్తుందన్నమాట. దీపానికి ఇబ్బంది లేదు. భారీ మోటారుకు మాత్రం, బండిని ఒక్కడే ఆగి ఆగి తోసినట్లుంటుంది.

1888లో నికోలా టెస్లా రెండు ఫేజుల మోటారుకు పేటెంట్లు పొందాడు. అందులో మీకు బాగా తెలిసిన సైన్²అ + కాస్²అ = 1 పనిచేస్తుంది. ఒకటి తగ్గినప్పుడు రెండవది పెరుగుతుంది, మొత్తం మారదు. రష్యాలో పుట్టిన డొలివో డొబ్రొవొల్‌స్కీ మూడు ఫేజుల మోటారు తయారుచేశాడు. 1891లో జర్మనీలోని లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల విద్యుత్తు పంపి చూపారు.

ఇక్కడ లెక్క మీరే చేయండి. అ, అ – 120, అ + 120 కోణాల సైన్ వర్గాలను కూడండి. మన సూత్రం వాడితే ఒకటిన్నర మిగులుతుంది. దాని పక్కన ఉండే మూడు కొసైన్‌ల మొత్తంలో, చివరి రెండూ కలిసి –కాస్ 2అ అవుతాయి. అది మొదటిదానితో కొట్టుకుపోతుంది. ఊగే భాగం మాయం!

1955 ఫిబ్రవరి 2 నాటి సోవియట్ ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాటి మధ్యప్రదేశ్‌లోని ఆ ఊరు 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. బతుకుతెరువుకు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. రైలు పట్టాలు తయారుచేసే అలాంటి కర్మాగారాలకు మూడు ఫేజుల విద్యుత్తే ఆధారం.

మన పల్లెల్లో కూడా ఇదే పాఠం కనబడుతుంది. పొలంలో ఒక ఫేజు పోతే మోటారు ఎందుకు మూలుగుతుంది? మిగిలింది ఒక్క ఫేజు సరఫరాయే కనుక కొట్టుకుపోవలసిన పదం మిగిలిపోతుంది, ఎగుడుదిగుడు తిరిగొస్తుంది. మిగిలిన తీగల్లో ప్రవాహం పెరుగుతుంది. వెంటనే ఆపకపోతే చుట్ట కాలిపోతుంది, రైతుకు నష్టం.

కాబట్టి సర్వసమీకరణాన్ని వాడేటప్పుడు ఏ పదం కొట్టుకుపోయిందో, ఏది మిగిలిందో చూడండి. భౌతికశాస్త్రం చెప్పే సంగతి అక్కడే ఉంటుంది.