అద్దకపు మెలకువ, వ్రాసిన మాట

ముదినేపల్లికి పొరుగుననున్న బందరు, పెడన అద్దకపువారు తరతరములుగా ఎరిగిన మెలకువ ఒకటి కలదు. పటిక అద్దిన చోటనే చిరువేరు ఎరుపు నిలుచును. తండ్రి చేయి చూచి కొడుకు నేర్చెను, వ్రాతతో పనిలేకపోయెను.

1742లో కూర్దూ అను ఫ్రెంచి జెసూయిట్ మతగురువు, కోరమండల తీరపు అద్దకపు పనివారిని అడిగి, ఆ పని క్రమమును లేఖగా స్వదేశమునకు వ్రాసెను. పని చూడని వారికి ఆ వ్రాతయే గురువు.

నేటి ఏ.ఐ. ఏజెంటును అట్టి దూరదేశస్థుడే. సాఫ్ట్‌వేర్ పనిముట్టు పేరు, ప్రయోజనము, దానికి అందింపవలసిన వివరములు తెలుపుటకు 2024లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఒక పద్ధతిని ఏర్పరచినది. అయినను పటిక ముందా, వేరు ముందా యన్నది పని తెలిసినవారే వ్రాయవలెను. తెలిసినదే గదా యని విడిచిన మాటవలననే పని చెడును. ఆ మాటను విడువవలదని మా మనవి.