పెట్రోలు – సీసము – మద్యసారము

మోటారు సైకిలు లేని వీధి నేడు మన గ్రామములలో అరుదు. దానితోపాటు పెట్రోలును గూర్చిన వాదములును రచ్చబండ వరకు వచ్చినవి. పెట్రోలులో 20 పాళ్లు ఇథనాలు, అనగా మద్యసారము, కలుపుచున్నారనియు, అందువలన బండి తక్కువ దూరము నడచుచున్నదనియు కొందరందురు. కాదు, ఇది దేశమునకు మేలని మరికొందరందురు. ఈ వాదము నిన్న మొన్న పుట్టినది కాదు. నూరేండ్ల క్రిందటనే అమెరికాలో ఈ ప్రశ్న తలయెత్తినది. అప్పుడు మద్యసారమును కాదని విషమును ఎన్నుకొనిరి. ఆ ఎన్నిక ఎట్లు జరిగినదో, దాని ఫలమేమో మీకు విన్నవింపదలచితిని.

మొదట యంత్రము సంగతి తెలిసికొందము. జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఆటో 1876లో నిర్మించిన పద్ధతియే నేటి పెట్రోలు యంత్రములకు మూలము. సిలిండరు అను ఇనుప గొట్టములో పిస్టను, రోటిలో రోకలివలె, పైకి క్రిందికి ఆడుచుండును. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి లోనికి వచ్చును. పిస్టను వానిని నొక్కును. అంతట ప్లగ్గునుండి నిప్పురవ్వ రాలి ఆ మిశ్రమము మండును. ఆ మంట పిస్టనును క్రిందికి నెట్టగా చక్రము తిరుగును. మిశ్రమమును ఎంత గట్టిగా నొక్కిన అంత ఎక్కువ పని అదే పెట్రోలునుండి రాబట్టవచ్చును.

కాని దీనికొక హద్దు కలదు. మితిమీరి నొక్కినచో, మంట ఇంకను చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంతట తాను భగ్గుమనును. అప్పుడు ఇనుముపై సుత్తితో కొట్టినట్లు టకటకమను చప్పుడు వినవచ్చును. దీనినే నాకింగు అందురు. ఎద్దు కాడిని నిలకడగా లాగినచో బండి సాగును. ఒక్కుమ్మడిగా కుమ్మినచో కాడి విరుగును. యంత్రమునకు ఈ నాకింగు అట్టిదే. దీనివలన బలము తగ్గును, పిస్టనులు చెడును.

ఈ రోగమునకు మందు వెదకుటకు అమెరికాలో డేటన్ నగరమున చార్లెస్ కెటరింగు అను శాస్త్రజ్ఞుడును, అతని సహాయకుడగు థామస్ మిడ్‌గ్లీయును పూనుకొనిరి. వారు జనరల్ మోటార్సు కంపెనీ పక్షమున పనిచేయుచుండిరి. దోషము యంత్రమునది కాదు, ఇంధనమునదని వారు తేల్చిరి. పెట్రోలులో ఎన్నో పదార్థములను కలిపి చూచిరి. మద్యసారము ఈ చప్పుడును అణచునని వారెరుగుదురు. 1921 డిసెంబరు 9వ తేదీన సీసముతో చేసిన టెట్రా ఇథైల్ సీసమను ద్రవమును పరీక్షించిరి. వెయ్యి పాళ్ల పెట్రోలునకు ఒక పాలైనను నిండని స్వల్పభాగమే నాకింగును మాన్పివేసినది.

కావున చేతిలో రెండు మందులుండెను. మద్యసారమును ఏ రైతు పంటనుండియైనను కాచవచ్చును. దానిపై ఎవరికిని గుత్తాధికారము దొరకదు. పైగా అది ఫలించవలెనన్న నూటికి పదో ఇరువదో పాళ్లు కలుపవలెను. ఆ మేరకు పెట్రోలు అమ్మకము తగ్గును. పైపెచ్చు అప్పుడు అమెరికాలో మద్యనిషేధము అమలులోనుండెను. సీసమో, చౌక, స్వల్పము చాలును, పేటెంటు చేతనుంచుకొని లాభము పొందవచ్చును. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లో సీసపు పెట్రోలు అమ్మకము మొదలయ్యెను. దానికి ఇథైల్ అని పేరు పెట్టిరి. సీసము మాట ఆ పేరులో లేదు.

సీసము విషమని అప్పుడెవరికిని తెలియదా యన్న, ప్రాచీన కాలమునుండియు వైద్యులకు తెలిసిన సంగతియే. మిడ్‌గ్లీకే 1923లో సీసపు విషమెక్కి, పని మాని విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రములోని బేవే కర్మాగారమున ఈ ద్రవమును తయారుచేయువారిలో 5గురు మతి చలించి మరణించిరి. ముప్పదిమందికి పైగా ఆసుపత్రి పాలైరి. పత్రికలు దీనికి పిచ్చి గ్యాసు అని పేరు పెట్టెను. ఆ నెలాఖరున మిడ్‌గ్లీ పత్రికలవారిని పిలిచి, వారి యెదుట ఆ ద్రవముతో చేతులు కడిగికొని, దాని ఆవిరిని పీల్చి, హాని లేదని చూపెను. తన దేహమునకు కలిగిన కీడును ఎరిగియుండియు ఇట్లు చేయుట నాకు మిక్కిలి శోచనీయముగా తోచుచున్నది.

1925 మే నెలలో ప్రభుత్వ వైద్యాధికారి వాషింగ్టనులో సభ చేసెను. ఒక చమురు కంపెనీ ప్రతినిధి సీసము భగవత్ప్రసాదమని వాదించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్యురాలు ఏలిస్ హామిల్టను, యేలు విశ్వవిద్యాలయాచార్యుడు యాండెల్ హెండర్సను దీనిని ఎదిరించిరి. విషము ఒక్కసారిగా చంపదు; మెల్లమెల్లగా ఊరంతయు కమ్ముకొనును; తెలిసికొనునప్పటికి మించిపోవునని హెండర్సను హెచ్చరించెను. ప్రభుత్వము నియమించిన సంఘము కొలది నెలలు మాత్రమే పరీక్షించి, నిషేధించుటకు తగిన కారణము కానరాదని 1926 జనవరిలో తేల్చెను. మున్ముందు ఇంకను పరిశోధింపవలెనని మాత్రము సలహా ఇచ్చెను. ఆ పరిశోధన చిరకాలము కంపెనీల ధనముతోనే జరిగెను. అమ్మువాడే తూకము వేసినచో ఎట్లుండునో మీరెరుగుదురు.

ఇచ్చట ఆక్టేను అను మాటను విప్పి చెప్పవలెను. పెట్రోలు నాకింగునకు ఎంత ఓర్చునో కొలుచుటకు గ్రాహం ఎడ్గారు అను శాస్త్రజ్ఞుడు 1920 తరువాతి దశకమున ఒక కొలమానమును ఏర్పరచెను. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100 అని, వెంటనే చప్పుడు చేయు హెప్టేనునకు సున్న అని నిర్ణయించెను. 91 ఆక్టేను పెట్రోలనగా, మొదటిది 91 పాళ్లు, రెండవది 9 పాళ్లు కలిపిన మిశ్రమమువలె ఓర్చునని భావము. కావున ఆక్టేను ఓర్పునకు కొలతయే గాని బలమునకు కొలత కాదు. తక్కువ ఒత్తిడికి నిర్మించిన బండిలో వెలయెక్కువ పెట్రోలు పోసినంతమాత్రమున మైలేజి పెరుగదు. ఎక్కువ ఒత్తిడికి నిర్మించిన యంత్రమునకే అది ప్రయోజనకరము.

సీసపు పెట్రోలు లోకమంతట వ్యాపించెను. దాని గుట్టును బయటపెట్టినవాడు క్లేర్ ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు. ఆయన భూమి వయస్సును లెక్కించుటకై రాళ్లలోని సీసమును కొలువబూనెను. ఎంత శుభ్రపరచినను ఆయన పరీక్షలో గాలిలోని సీసమే వచ్చి కలియుచుండెను. ఈ సీసమెక్కడిదని వెదకగా, అది చాలవరకు మోటారు బండ్ల పొగదని తేలెను. 1965లో ఆయన ఈ సంగతిని ప్రకటింపగా కంపెనీలవారు ఆగ్రహించిరి. మనుష్య సంచారము లేని గ్రీన్లాండు మంచులోను సీసము పెరిగినదని ఆ పిమ్మట చూపెను. సీసము పసిపిల్లల బుద్ధిని కుంటుపరచునని వైద్యులు నిరూపించిరి. అమెరికాలో 1970 తరువాత సీసమును క్రమముగా తగ్గించి, 1996లో రోడ్డు బండ్లకు పూర్తిగా నిషేధించిరి. మన దేశమున 2000 సంవత్సరమున అది పోయినది. లోకమున చిట్టచివరగా 2021లో అల్జీరియా దేశము మానెను. 1925లో చేసిన హెచ్చరికకును దీనికిని నడుమ 96 ఏండ్లు గడచినవి.

త్రోసివేయబడిన మద్యసారము ఇతర దేశములలో బ్రతికియుండెను. బ్రెజిలు ప్రభుత్వము 1931లోనే దిగుమతి పెట్రోలులో 5 పాళ్లు కలుపవలెనని శాసించెను. 1973లో చమురు ధర పెరుగగా, 1975లో చెరకునుండి మద్యసారము తీయుటకు పెద్ద ప్రణాళిక పూనెను. 1979 నుండి కేవల మద్యసారముతో నడచు కార్లు వచ్చెను. అయితే 1989 ప్రాంతమున మద్యసారమునకు కరవు వచ్చి, ఆ కార్లవారు బంకులయొద్ద పడిగాపులు కాచిరి. ఒకే ఇంధనముపై ఆధారపడుట ఎంత ప్రమాదమో వారికి బోధపడెను. 2003 నుండి ఏ పాళ్లలో కలిపినను నడచు కార్లను చేసికొనిరి.

మన దేశమున 1948లోనే ఇంధన మద్యసారమును గూర్చి చట్టము వెలువడెను. 2003లో తొమ్మిది రాష్ట్రములలో, నాటి ఆంధ్రప్రదేశముతో సహా, 5 పాళ్లు కలుపుట ప్రారంభమయ్యెను. 2022లో 10 పాళ్లు, 2025లో 20 పాళ్లు అయ్యెను. చెరకు మడ్డి, చెరకు రసము, నూకలు, మొక్కజొన్న దీనికి ముడిసరకులు.

ఇక మైలేజి లెక్క చూతము. మద్యసారమునకు ఆక్టేను 108 ప్రాంతమున నుండును. సూదివేయుటకు ముందు వైద్యుడు రుద్దిన స్పిరిటు చర్మమునకు చల్లగా తోచును గదా. అట్లే ఇది ఆవిరియగుచు సిలిండరును చల్లబరచి నాకింగును అణచును. కాని లీటరు మద్యసారములోని వేడి, లీటరు పెట్రోలులోని వేడిలో సుమారు మూడింట రెండు వంతులే. 20 పాళ్లు కలిపినచో మొత్తము వేడి నూటికి ఆరేడు పాళ్లు తగ్గును. పాత పెట్రోలునకు నిర్మించి, 10 పాళ్ల మిశ్రమమునకు సరిచేసిన కార్లలో ఆరేడు పాళ్లు, ద్విచక్ర వాహనములలో మూడు నాలుగు పాళ్లు మైలేజి తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగు నివేదికయే చెప్పినది. అనగా లీటరునకు 50 కిలోమీటర్లు నడచు బండి 48 ప్రాంతమున నడచును. బండి సగమునకు సగము దిగజారినచో దోషము వేరొకచోట వెదకవలెను. ఒత్తిడి పెంచి క్రొత్తగా నిర్మించిన యంత్రము ఈ నష్టమును కొంత పూడ్చుకొనగలదు. పాత బండ్ల రబ్బరు గొట్టములు మద్యసారమువలన ఉబ్బి చెడవచ్చును. మద్యసారము నీటిని పీల్చును గనుక, టాంకులో నీరు చేరకుండ చూచుకొనవలెను. బండిని నెలల తరబడి నిలిపియుంచరాదు.

సీసముతో పోల్చిన మద్యసారము నిస్సందేహముగా మేలైన మందు. దాని కీడు పర్సుకు తగులును గాని పసివాని మెదడుకు తగులదు. అయినను మందు మంచిదన్నంతమాత్రమున వెల అడుగకుండ త్రాగరాదు. చెరకునకెంత నీరు పట్టినది, ఆహారధాన్యమెంత పోయినది, పాత బండి గల పేదవాని కెంత నష్టము, రైతు చేతికెంత వచ్చినది – ఈ లెక్కలు బాహాటముగా ప్రజలముందుంచవలెను. 1925లో లెక్క చెప్పవలసినవారు దానిని దాచిరి, అడిగినవారు ఓడిరి. ఆ దాపరికమునకు మూడు తరముల బిడ్డలు వెల చెల్లించిరి. కావున అడుగుట మానకుడు. అడుగువాడు దేశమునకు శత్రువు కాడు.