దొర్కా అంటే జింక

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు క్రైస్తవ ఇళ్లల్లో దొర్కా అనే పేరు వినబడుతుంది. స్కూల్ రిజిస్టర్‌లో అదే డార్కస్. 'దొర్కింది', 'దొర్కలే' అనే మన మాటల్లాగే ఉంటుంది గానీ తెలుగుతో చుట్టరికం లేదు. ఇది గ్రీకు మాట. అర్థం జింక, ఇంకా సరిగ్గా చెప్పాలంటే గజెల్. అంటే మన హరిణి, ఈ దొర్కా ఒకే పేరుగలవాళ్ళు. హరిణి 'మన పేరు', దొర్కా 'వాళ్ళ పేరు' ఎట్లా అయిందో!

ఈ మాటని గ్రీకులు 'చూడటం' అనే అర్థమున్న దెర్కొమై క్రియతో ముడిపెట్టుకున్నారు, కళ్ళున్న జంతువని. ఆ క్రియ, మన 'దర్శనం' ఒకే వేరు నుంచి వచ్చినవి. హరిణాక్షి అని రాసుకున్న మనకు ఇందులో వింతేం లేదు. రోమన్ కవి లుక్రీషియస్ మాత్రం, ప్రేమ తలకెక్కినోడు కట్టెలా ఉన్న పిల్లని కూడా దొర్కాస్ అని ముద్దు చేస్తాడని వెక్కిరించాడు. షేక్‌స్పియర్ 'ది వింటర్స్ టేల్'లో ఒక గొర్రెల కాపరి పిల్లకి ఈ పేరు పెట్టాడు.

కానీ మన ఇళ్లకి ఈ పేరు వచ్చింది యొప్పే రేవు నుంచి, ఇప్పటి జాఫా. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె ఉంది. అరమాయిక్‌లో పేరు తబితా. 'శిష్యురాలు' అనే గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారే వస్తుంది, అదీ ఈమెకే. ఆమె చెప్పిన మాట ఒక్కటీ లేదు. ఆమె చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిచ్చిన అంగీలు పేతురుకి చూపిస్తారు. ఆ తర్వాత ఆమె బతికి లేచిందంటుంది కథ. నాకు మాత్రం ఆ అంగీల దగ్గరే మనసు ఆగిపోతుంది. అప్పులకి మగ్గం మనిషిని పోగొట్టుకున్న సిరిసిల్ల ఆడవాళ్ళకి ఆ దృశ్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో బీదలకు బట్టలు కుట్టే చర్చి సంఘాలు ఆమె పేరే పెట్టుకున్నాయి.

దొరల కాలంలో దళిత ఆడపిల్లని పోశి, మల్లి అని సగం పేరుతోనే పిలిచేవాళ్ళు. బైబిల్ పేరు పెట్టుకోవడమంటే మతం మారడమొక్కటే కాదు, పిలుపు మార్చుకోవడం కూడా. ఆ పేరు పలకడం రాదని నవ్వే క్లాసుల్లో నేనూ కూర్చున్నాను. అర్థం అడగాలని అప్పుడు తోచలేదు.

కవ్వాల్ అడవిలో చింకారాలున్నాయి. ఆఫ్రికాలో తిరిగే డార్కస్ గజెల్‌కి దగ్గరి చుట్టాలే, ఒకే ప్రజాతి. దొర్కా అంటే ఏంటని ఎవరైనా అడిగితే యొప్పే దాకా పోనక్కర్లేదు, జన్నారం బస్సెక్కితే చాలు.