బందరు బ్యాంకు నుంచి బోనస్ మైళ్ల దాకా

మొవ్వ, కూచిపూడి, పామర్రు చుట్టుపక్కల ఏ ఊరు తీసుకున్నా అమెరికాలో పిల్లలున్న ఇళ్లు చాలానే కనిపిస్తాయి. అక్కడ కూతురికో కోడలికో పురుడంటే ఇక్కడ అమ్మానాన్నలు పెట్టె సర్దుకోవాల్సిందే. ఈమధ్య ఆ ప్రయాణాల ముందు ఫోన్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "అమ్మా, మీ ఇద్దరి టికెట్లూ పాయింట్లతో వచ్చేశాయి. కొత్త కార్డు తీసుకుంటే బోనస్ ఇచ్చారు." దానికి అమ్మ అడిగేది ఒకటే: "ఊరికే ఎవరిస్తార్రా?"

అడగాల్సిన ప్రశ్న అదే. జవాబు తెలియాలంటే ఈ బోనస్ ఎలా పుట్టిందో తెలియాలి. ఆ కథలో మన బందరుకీ చోటుంది.

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో వైద్యం చేసేవారు. వరి పండించే రైతుకి పెట్టుబడి కావాలంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కక తప్పని రోజులవి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వెనక నిలబడింది ఆయనే. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు, 28న లావాదేవీలు మొదలయ్యాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ బ్యాంకు 1980 ఏప్రిల్‌లో జాతీయమైంది. మరుసటి ఏడాది, 1981లో, క్రెడిట్ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ దేశంలో కార్డులకు దారి వేసిన తొలి బ్యాంకుల్లో మన బందరు బ్యాంకు ఒకటని ఈ ప్రాంతం వాళ్లకే చాలామందికి తెలియదు. తెలియాల్సిన సంగతి.

కార్డు చేసే పని డెల్టా వాళ్లకు కొత్తదేం కాదు. సరుకు ఇవాళ పట్టుకెళ్లి, పంట చేతికొచ్చాక బాకీ తీర్చే ఖాతా ప్రతి ఊరి కొట్లోనూ ఉండేది. ఆ కొట్టాయనకి మీరూ తెలుసు, మీ పొలమూ తెలుసు. మన ముఖం ఎరగని ఊళ్లో, ఎరగని కొట్లో మన తరఫున బ్యాంకు పూచీ పడటమే కార్డు.

ఆ ఏర్పాటు 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్‌తో మొదలైంది. హోటల్లో భోంచేసి కార్డు చూపిస్తే నెలాఖరున ఒకే బిల్లు వచ్చేది. హోటలు వాళ్లు తమకొచ్చే డబ్బులో కొంత క్లబ్బుకు వదులుకునేవాళ్లు. కొనేవాడి జేబులోంచి కాక అమ్మేవాడి రాబడిలోంచి వచ్చే ఆ కమిషనే తర్వాతి కథంతటికీ పునాది.

అసలు చిక్కు 1958 సెప్టెంబరులో బయటపడింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 కార్డులను, ఎవరూ అడగకుండానే, పోస్టులో పంపించింది. కార్డులు ఎక్కువమంది చేతిలో ఉంటేగాని కొట్లు ఒప్పుకోవు, కొట్లు ఒప్పుకుంటేగాని జనం తీసుకోరు. ఆ ముడి విప్పడానికి అంతకంటే దగ్గరి దారి వాళ్లకు తోచలేదు. ఆ పద్ధతినే రాష్ట్రమంతా పాకించేసరికి దొంగతనాలూ మోసాలూ పెరిగాయి. నూటికి నాలుగు ఖాతాలు ఎగ్గొడతాయని వేసుకున్న అంచనా నూటికి ఇరవై దాటింది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాక, అడగని కార్డులు పంపకూడదని 1970లో అమెరికా చట్టం చేసింది.

సైన్-అప్ బోనస్‌కు బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం. కార్డును ఇంటికి తోసేసే వీలు పోయింది. ఇక మనిషే వచ్చి సంతకం పెట్టాలి. మరి ఎందుకు పెడతాడు? ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఇవాళ మనకిచ్చే బోనస్ ఆ సంతకానికి బ్యాంకు కట్టే ఖరీదు.

ఏం చేతిలో పెట్టాలో చూపించింది విమానాల వాళ్లు. 1978లో అమెరికా తన విమానరంగం మీద నియంత్రణలు ఎత్తేశాక పోటీ ముదిరింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ రిజర్వేషన్ కంప్యూటర్‌ను వెదికించి, పదే పదే కనిపించే ఫోన్ నంబర్లను బట్టి తరచూ ఎక్కేవాళ్లను పోల్చుకుంది. వాళ్లు చెయ్యిజారిపోకుండా 1981 మే 1న ప్రయాణించిన మైళ్లను జమకట్టి టికెట్లిచ్చే అడ్వాంటేజ్ అనే పథకం పెట్టింది. కొద్ది రోజులకే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కూడా పెట్టింది. ఆంధ్రా బ్యాంకు కార్డు వచ్చిందీ ఆ ఏడాదే. తర్వాత కార్డులూ మైళ్లూ కలిసి పుట్టించిన పాయింట్లతోనే ఇప్పుడు మొవ్వ అమ్మలు డాలస్ వెళ్తున్నారు.

1987లో సిటీ బ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి, డాలరు ఖర్చుకి ఒక మైలు ఇచ్చే కార్డు తెచ్చింది. అప్పటినుంచి మైలు సంపాదించడానికి విమానం ఎక్కక్కర్లేదు, కూరగాయలు కొన్నా చాలు. విమాన సంస్థ మైళ్లను బ్యాంకుకు టోకున అమ్ముతుంది, బ్యాంకు మనకు పంచుతుంది. 2016లో చేజ్ బ్యాంకు సఫైర్ రిజర్వ్ కార్డుకు లక్ష పాయింట్ల బోనస్ ప్రకటిస్తే జనం ఎగబడ్డారు. ఒక్క త్రైమాసికంలోనే తమ లాభం మీద 20 నుంచి 30 కోట్ల డాలర్ల భారం పడుతుందని ఆ బ్యాంకు అధిపతి జేమీ డైమన్ చెప్పారు. అయినా వాళ్లు ఆ భారానికి సిద్ధపడ్డారంటే, ఆ డబ్బు ఎక్కడినుంచి తిరిగొస్తుందో వాళ్లకు బాగా తెలుసు. కొంత కొట్టువాళ్లు ఇచ్చే కమిషన్, కొంత ఏటా కట్టే ఫీజు. మిగతాది నెల బిల్లు పూర్తిగా కట్టలేని వాళ్ల వడ్డీ. ఈ మూడోదే నన్ను బాధపెడుతుంది. ఒక ఇంటివాళ్లకు ఉచితంగా వచ్చిన టికెట్‌లో ఇంకో ఇంటివాళ్లు కట్టిన వడ్డీ ఉంటుంది.

ఇక తూకం. ఉదాహరణకి మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే 60,000 పాయింట్లు, ఏడాది ఫీజు 95 డాలర్లు అనుకుందాం. పాయింటును నగదుగా మారిస్తే ఒక సెంటు వచ్చేట్టయితే బోనస్ విలువ 600, ఫీజు పోను 505. ఆ 4,000 ఎలాగూ కట్టాల్సిన ఇన్సూరెన్సు, సరుకులు, బడి ఫీజులైతే ఈ 505 నిజం. బోనస్ కోసమని అక్కర్లేని టీవీ కొంటే దాని ఖరీదు ఇందులోంచి పోతుంది. 3,000 డాలర్ల బాకీని 24 శాతం వడ్డీతో ఏడాదిపాటు మోస్తే వడ్డీయే సుమారు 720. అప్పుడు బోనస్ పోగా చేతినుంచి పడుతుంది.

పాయింట్లను విమాన సంస్థకు బదిలీ చేస్తే విలువ పెరగొచ్చు. టికెట్ నగదు ధరలోంచి పాయింట్లతో కొన్నా కట్టక తప్పని పన్నులు తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించాలి. 1,000 డాలర్ల టికెట్‌కు పన్నులు 100, పాయింట్లు 60,000 అయితే ఒక్కో పాయింటు సెంటున్నర చేసినట్టు. లెక్కలు తప్పేది బిజినెస్ క్లాసు దగ్గర. 4,000 డాలర్ల సీటు 90,000 పాయింట్లకు దొరికితే పాయింటు నాలుగు సెంట్లు దాటిందని సంబరపడతారు. డబ్బు పెట్టి ఆ సీటు ఎప్పుడూ కొనని ఇంట్లో దాని విలువ 4,000 కాదు. మోకాళ్ల నొప్పులున్న తండ్రి కాళ్లు చాపుకుని పడుకుని వెళ్లడానికి మీరు సొంత డబ్బు ఎంత పెట్టేవారో, అంతే. ఆ అంకె వెయ్యి అదనమైనా, రెండు వేలైనా నిజాయితీగా వేసుకోవాలి. గన్నవరం నుంచి హైదరాబాదుకో ఢిల్లీకో చేర్చే విమానం ఆ టికెట్లో కలవకపోతే ఆ ఖర్చూ రాసుకోవాలి.

పాయింట్లు దాచుకునే ఆస్తి కావు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు ఆ విమానాల కోసం మైళ్లు కూడబెట్టినవాళ్లు చూస్తూ ఉండిపోయారు. 2020లో యునైటెడ్ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. మన పాయింట్లకు ఎంత ప్రయాణం ఇవ్వాలో తేల్చేది వాళ్లే, రేటు మార్చేదీ వాళ్లే. అందుకే సీటు కంటికి కనబడేదాకా బదిలీ చేయకూడదు. బదిలీ చేసినవి మళ్లీ వెనక్కి రావు.

మన దగ్గర ఇదే బోనస్‌ను ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, బాకీ మీద చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ వడ్డీ. బిల్లులో చూపే కనీస మొత్తం (మినిమం డ్యూ) మాత్రమే కట్టి ఊరుకుంటే వడ్డీ లేని గడువు పోయి, కొన్న రోజునుంచే లెక్క మొదలవుతుంది. ఫ్రెస్నో పాఠం రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనూ ఉంది. 2022 జులై నుంచి అమలవుతున్న ఆదేశాల ప్రకారం అడగని కార్డు పంపి డబ్బు వసూలు చేస్తే, ఆ మొత్తం వెనక్కి ఇవ్వడంతో పాటు దానికి రెట్టింపు జరిమానా కట్టాలి. బాకీ లేని కార్డును మూసేయమని అడిగాక ఏడు పనిదినాల్లో మూయకపోతే, మూసేదాకా రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు ఇవ్వాలి. రెండో ఏడాది ఫీజు పడే తేదీ ముందే రాసిపెట్టుకుని, కార్డు వద్దనుకుంటే పాయింట్లన్నీ వాడేశాకే మూసేయమని అడగండి. కార్డు మూసిన రోజే మిగిలిన పాయింట్లు చాలా బ్యాంకుల్లో పోతాయి.